ట్రావెల్ ఏజెన్సీల వారికి: మీ టూర్ షెడ్యూల్‌లో దోమ వేళలు కూడా వేయండి

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి, వరంగల్ నుంచి విదేశీ టూర్లు నడిపే ఏజెన్సీల యజమానులకు, గ్రూపు వెంట వెళ్లే టూర్ మేనేజర్లకు, కౌంటర్లో కూర్చుని బుకింగులు తీసుకునే సిబ్బందికి,

నమస్కారం.

దోమకాటు జబ్బుల మీద, ప్రయాణికుల ఆరోగ్యం మీద పనిచేసేవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఆరోగ్య శాఖకు రాయకుండా మీకెందుకు రాస్తున్నామంటే, ప్రయాణికుడు బయల్దేరే ముందు డాక్టరును కలవకపోవచ్చు గానీ మిమ్మల్ని కలవక తప్పదు. ప్రభుత్వ సలహాలు ఎవరూ వెతికి చదవరు. మీరు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌ను మాత్రం ఇంటిల్లిపాదీ చదువుతారు. ఎయిర్‌పోర్టుకు ఎన్నింటికి చేరాలి, బస్సు ఎక్కడ ఆగుతుంది, రాత్రి భోజనంలో పెరుగు ఉంటుందా, అన్నీ అందులో దొరుకుతాయి. దోమ సంగతి మాత్రం ఆఖరి పేజీలో గొడుగుకూ టోపీకీ మధ్య ‘మస్కిటో రిపెల్లెంట్ వెంట తెచ్చుకోండి’ అన్న ఒక్క ముక్కతో సరి. బాలి టూరుకూ అదే ముక్క, కెన్యా టూరుకూ అదే ముక్క. మా పేచీ ఆ ముక్కతోనే.

బాలిలో జాగ్రత్తపడాల్సింది పగటి దోమతో. మసాయ్ మారాలో రాత్రి దోమతో. ఏడిస్ ఈజిప్టై అనే నల్ల దోమ, కాళ్ల మీద తెల్ల చారలుంటాయి, డెంగీ, చికున్‌గున్యా, జికా మూడింటినీ మోస్తుంది. తెల్లారాక రెండు గంటలు, పొద్దు వాలే ముందు రెండు మూడు గంటలు ఎక్కువగా కుడుతుంది. చెవి దగ్గర రొద పెట్టదు. చీలమండల దగ్గర, మోకాళ్ల వెనక, బల్ల కింద కుట్టి పోతుంది. అనాఫిలిస్ పొద్దుగూకాక బయల్దేరి తెల్లారేదాకా తిరుగుతుంది. నిద్రపోతున్న మనిషి దానికి అనువు, అది మోసేది మలేరియా. మూడోది క్యూలెక్స్. వరి మళ్లలో పెరిగే దాని జాతులు పందుల నుంచి, కొంగల నుంచి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు జబ్బును మనుషులకు తెస్తాయి. అదీ చీకటి వేళే. కాబట్టి దోమతెర వేసుకుని పడుకున్నవాడికి మలేరియా నుంచి గట్టి రక్షణ ఉంటుంది, డెంగీ నుంచి పెద్దగా ఉండదు. పగలంతా క్రీము రాసుకుని రాత్రి తెర లేకుండా పడుకున్నవాడికి ఇది తిరగబడుతుంది.

ఇప్పుడు మీ షెడ్యూలు తీసి చూడండి. బాలిలో ఏడున్నరకు హోటల్ తోటలో బ్రేక్‌ఫాస్ట్. సాయంత్రం ఉలువాటు గుడి దగ్గర కెచక్ నాట్యం, పొట్టి ప్యాంట్లతో మెట్ల మీద గంటసేపు కూర్చోవడం. రెండూ ఏడిస్ వేళలే. కెన్యాలో సాయంత్రం జంతువుల్ని చూసి ఆరున్నరకు క్యాంపుకు చేరతారు, స్నానాలయ్యాక ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నెగడు చుట్టూ భోజనాలు. అది అనాఫిలిస్ వేళ. ఏ కాటు ఎక్కడ పడుతుందో మీరు వేసిన టైమ్‌టేబులే చెబుతోంది, అక్షరాల్లో రాయలేదు, అంతే. ఎక్సెల్ పట్టికలో ఒక గడి పెంచి ప్రతి కార్యక్రమం పక్కన ‘పగటి దోమ’ అనో ‘రాత్రి దోమ’ అనో వేయండి. మొదటి దాని ఎదురుగా ‘క్రీము రాసుకుని కిందికి రండి’, రెండో దాని ఎదురుగా ‘పొడుగు చేతులు, ప్యాంటు, సాక్సు; పడకకు తెర’ అని రాస్తే చాలు.

ఊళ్లవారీగా చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. శ్రీలంకను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో మలేరియా లేని దేశంగా ప్రకటించింది, మాల్దీవులను 2015లో. రెండు చోట్లకూ ముందుజాగ్రత్తగా వేసుకునే మలేరియా మాత్రలు అక్కర్లేదు. అదే శ్రీలంకలో 2017 ఒక్క ఏడాదిలో 1,86,000కు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. మన దగ్గర నుంచి రామాయణ యాత్రకు వెళ్లేవాళ్లలో అరవై దాటినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లే ఎక్కువ. డెంగీ ముదిరితే మొదట ఇబ్బంది పడేదీ వాళ్లే. నువర ఎలియ దగ్గరి సీత గుడి కొండ మీద చల్లగా ఉంటుంది, అక్కడ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. కొలంబో, నెగొంబో, క్యాండీ అలా కావు. అక్కడ రెండు వర్షకాలాలు, డెంగీ కూడా రెండుసార్లు పెరుగుతుంది, మే నుంచి జులై దాకా ఒకసారి, అక్టోబరు నుంచి జనవరి దాకా మరోసారి. మన వేసవి సెలవులూ దసరా సెలవులూ సరిగ్గా అందులో పడతాయి. సంక్రాంతి సెలవులకు బాలి అంటే అక్కడ నడివానాకాలం.

బ్యాంకాక్, పట్టాయ, ఫుకెట్, హనోయ్, హోచిమిన్ సిటీ, బాలి రిసార్టులు, వీటికి మలేరియా మాత్రలు అవసరం లేదు, డెంగీ జాగ్రత్త ఏడాది పొడుగునా కావాలి. థాయ్‌లాండ్‌లోనే మయన్మార్, కంబోడియా సరిహద్దు అడవుల్లో ట్రెకింగ్ పెడితే లెక్క మారిపోతుంది. ఇండోనేషియా పేరు ఒకటే అయినా బాలి వేరు, పాపువా వేరు. పాపువాలో మలేరియా బలంగా ఉంది. మారిషస్‌లో మలేరియా భయం లేదు, చికున్‌గున్యా ఉంది. హిందూ మహాసముద్రంలోని దీవులను అది 2005-06లో చుట్టేసింది, రీయూనియన్ దీవిలో 2025లో మళ్లీ విరుచుకుపడింది. ఇలాంటి ఉప్పెనలు ఏడాదికో తీరుగా వస్తాయి కాబట్టి గ్రూపు బయల్దేరే ముందు వారం ఒకసారి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటనలు చూసే పని ఆఫీసులో ఒకరికి అప్పగించండి. వీసా స్టేటస్ చూసే మనిషే అది కూడా చూడొచ్చు.

‘మనకు దోమలు కొత్తా సార్?’ కౌంటర్ దగ్గర మీరు తరచూ వినే మాట ఇది. మీ సిబ్బంది కూడా నవ్వి ఊరుకుంటారు. అందులో రెండు పొరపాట్లున్నాయి. మలేరియాను తట్టుకునే శక్తి ఏళ్ల తరబడి మళ్లీమళ్లీ జబ్బుపడితే గాని రాదు, వచ్చినా ఆ చోటు విడిచి కొన్నాళ్లుంటే తరిగిపోతుంది. కూకట్‌పల్లిలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో పుట్టి పెరిగిన మనిషి ఆఫ్రికాలోని ఫాల్సిపేరం అనే ప్రాణాంతక రకం మలేరియాకు యూరప్‌వాడంత కొత్తవాడే. డెంగీ దగ్గరికొస్తే సంగతి ఇంకా ఎదురు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గినవాడికి ఆ రకం మళ్లీ రాదు గాని, వేరే రకం సోకితే జబ్బు ముదిరే ప్రమాదం మొదటిసారి కన్నా ఎక్కువ. మన నగరాల్లో పెద్దవాళ్లకు చాలామందికి తెలిసో తెలియకో ఒకసారి వచ్చిపోయే ఉంటుంది. అంటే బ్యాంకాక్ వీధిలో అదే దోమ కుట్టిన జర్మన్ కుర్రాడి కన్నా మీ గ్రూపులోని గుంటూరు మనిషికే ముప్పు ఎక్కువ ఉండొచ్చు. బుకింగ్ ఫారంలో ‘ఇంతకుముందు డెంగీ వచ్చిందా?’ అని ఒక ప్రశ్న పెట్టండి. అవునన్నవాళ్లకు క్రీము సంగతి రెండోసారి గుర్తుచేయండి.

ఇక ఆఫ్రికా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో భూమ్మీద సుమారు 26.3 కోట్ల మలేరియా కేసులు, 5.97 లక్షల మరణాలు. వాటిలో నూటికి 94 కేసులు ఆఫ్రికా ప్రాంతానివే. కెన్యా, టాంజానియా సఫారీలు అమ్మేవారికి మా మొదటి విన్నపం, బయల్దేరే తేదీకి నాలుగు వారాల్లోపు బుకింగ్ తీసుకోకండి. తప్పనిసరైతే కనీసం పదిహేను రోజులు ఉండాలి. ఆ పదిహేను ఎలా వచ్చాయంటే, ఎల్లో ఫీవర్ (ఇదీ దోమకాటు జబ్బే) టీకా సర్టిఫికెట్ సూది వేసిన పదో రోజు నుంచే చెల్లుతుంది. దానికి ముందు అపాయింట్‌మెంట్ దొరకడానికి మూడు నాలుగు రోజులు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి బయల్దేరి ఆరు రోజుల్లోపు సర్టిఫికెట్ లేకుండా మన దేశంలో దిగినవారిని ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఎయిర్‌పోర్టు ఆరోగ్య అధికారులకు ఉంది. కెన్యా, ఉగాండా, ఇథియోపియా, నైజీరియా, ఘనా, అటు బ్రెజిల్, పెరూ ఈ జాబితాలోవే. కెన్యా చూసి టాంజానియాలోకి దాటేటప్పుడు సరిహద్దులోనూ కార్డు అడుగుతారు. అడిస్ అబాబా మీదుగా టిక్కెట్టు వేస్తే ట్రాన్సిట్ నిబంధన ఏమిటో ఎయిర్‌లైన్ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఈ టీకా ప్రతి కార్పొరేట్ ఆస్పత్రిలోనూ వేయరు. కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది. ఒక సీసాలో చాలామందికి సరిపడా డోసులుంటాయి, కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి. అందుకే చాలాచోట్ల వారంలో కొన్ని రోజులే పెడతారు. ఒరిజినల్ పాస్‌పోర్టు లేకుండా వెళితే వెనక్కి పంపుతారు, ఎందుకంటే కార్డు మీద పాస్‌పోర్టు నంబరు పడాలి. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. 2016 జులై నుంచి అంతర్జాతీయ నిబంధన అదే. పాత కార్డు మీద పదేళ్ల గడువు అచ్చయి ఉన్నా మళ్లీ వేయించుకోనక్కర్లేదు. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు, మొదటిసారి వేయించుకుంటున్న అరవై దాటినవాళ్లు, వీళ్ల విషయం ఆ కేంద్రంలోని డాక్టరే తేల్చాలి. మీ దగ్గర అడ్వాన్సు కట్టకముందే తేలాలి. ఇంకొక మాట ఉన్నదున్నట్టు అంటాం. ‘సూది లేకుండా కార్డు ఇప్పిస్తాం’ అనే దళారులున్నారు. ఆ పని చేసినవాళ్లు కస్టమరుకు మేలు చేశామనుకుంటారు. ఎల్లో ఫీవర్‌కు మందు లేదు. ఉన్నది టీకా ఒక్కటే.

మలేరియా మాత్రల దగ్గర జరిగే తప్పులు ఇంకా ఎక్కువ. పాత అలవాటు కొద్దీ క్లోరోక్విన్ కొనుక్కుని విమానమెక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆఫ్రికాలోని ఫాల్సిపేరానికి అది ఎప్పుడో పనిచేయడం మానేసింది. మన జాతీయ మలేరియా నివారణ కార్యక్రమం ఆరు వారాల్లోపు ప్రయాణాలకు చెప్పేది డాక్సీసైక్లిన్, పెద్దవారికి రోజుకు 100 మిల్లీగ్రాములు, బయల్దేరడానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ, తిరిగొచ్చాక నాలుగు వారాలు. ఎనిమిది రోజుల సఫారీకి లెక్కేస్తే 2, 8, 28 కలిపి 38 క్యాప్సూళ్లు. పది క్యాప్సూళ్ల అట్ట ఒకటి కొనుక్కొచ్చి ‘మందు తెచ్చుకున్నాం’ అనేవారికి ఈ అంకె చూపించండి. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇది పనికిరాదు. ఆరు వారాలు దాటి ఉండేవారికి, అంటే ఉద్యోగాల మీద వెళ్లేవారికి, మెఫ్లోక్విన్ వారానికి 250 మిల్లీగ్రాములు, రెండు వారాల ముందు నుంచి. మూర్ఛలు, మానసిక సమస్యలు, కొన్ని రకాల గుండె జబ్బులు ఉన్నవాళ్లకు అది కుదరదు. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్ర మూడోది. ముందు ఒకటి రెండు రోజులు, వచ్చాక ఏడు రోజులే చాలు, నూనె ఉన్న భోజనంతో మింగాలి. మన దగ్గర అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు.

తిరిగొచ్చాక నాలుగు వారాలు ఎందుకని అందరూ అడుగుతారు, మానేసేదీ అక్కడే. దోమ వదిలిన క్రిమి ముందు కాలేయంలో దాక్కుని పెరుగుతుంది, తర్వాతే రక్తంలోకి దిగుతుంది. డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ రక్తంలోకి దిగినదాన్ని చంపుతాయి, కాలేయంలో ఉన్నప్పుడు పెద్దగా తాకవు. సఫారీ ఆఖరి రాత్రి కుట్టిన దోమ క్రిమి మీ కస్టమరు శంషాబాద్‌లో దిగాక, ఆవకాయ అన్నం తిని పడుకున్నాక కూడా కాలేయంలో భద్రంగా ఉంటుంది. అది బయటికొచ్చేసరికి ఒంట్లో మందు ఉండాలి. అటోవాక్వోన్ మాత్ర కాలేయంలోనే పట్టుకుంటుంది, అందుకే దానికి ఏడు రోజులు చాలు. డాక్సీసైక్లిన్‌ను మంచం మీద కూర్చుని గుటకెడు నీళ్లతో మింగి పడుకుంటే గొంతులో అంటుకుని అన్నవాహిక పుండవుతుంది. భోజనం చేశాక, నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, అరగంట నడుం వాల్చకూడదు. పాలతో, ఐరన్ మాత్రతో, గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది కూడా, పైకప్పు తెరిచిన జీపులో ఇది మరీ తెలుస్తుంది. ఏ మందు ఎవరికి అన్నది డాక్టరు పని. ఆ డాక్టరు దగ్గరికి సమయానికి పంపడం, 38 అనే అంకె చెప్పడం మీరు చేయగలిగినవి.

‘మసాయ్ మారా ఎత్తులో ఉంటుంది, రాత్రి స్వెట్టరు వేసుకోవాలి, దోమలుండవు’ అని కొందరు టూర్ మేనేజర్లు ధైర్యం చెబుతుంటారు. మారా 1,500 మీటర్ల పైన ఉన్న మాట నిజం. కెన్యాలో 2,500 మీటర్ల లోపు అంతా మలేరియా ఉన్నట్టే తీసుకోవాలి. నైరోబి నగరంలో తక్కువ, అంతే. టాంజానియాలో ఆ గీత 1,800 మీటర్ల దగ్గర ఉంది. గోరోంగోరో అగ్నిపర్వత బిలం అంచు మీద హోటలు ఆ గీతకు పైనే ఉంటుంది. మర్నాడు చేరే సెరెంగెటి కిందికి వస్తుంది.

క్రీముల సంగతికి వద్దాం. కొన్ని ఏజెన్సీలు గ్రూపుకు కిట్లు పంచుతున్నాయి. ఆలోచన మంచిదే. అందులో పెట్టే నిమ్మగడ్డి వాసన చేతి పట్టీలు, ఫోనులో ‘దోమల్ని తరిమే శబ్దం’ యాప్‌లు దండగ. పట్టీ కట్టిన మణికట్టుకు జానెడు దూరంలోనే దోమ కుడుతుంది. పనిచేసే మందులు కొన్నే, డీట్ 20 నుంచి 30 శాతం, పికారిడిన్ 20 శాతం, ఐఆర్3535, నిమ్మ యూకలిప్టస్ నుంచి తీసే పీఎండీ. మన కిరాణా కొట్టులో దొరికే క్రీములు చాలావాటిలో డీట్ ఉండదు, వేరే రసాయనం తక్కువ శాతంలో ఉంటుంది. ట్యూబు వెనక్కి తిప్పి పేరూ శాతమూ చదివి కొనండి. శాతం పెరిగితే కాపాడే గంటలు పెరుగుతాయి, 10 శాతం డీట్ రెండు గంటలకే చేతులెత్తేస్తుంది. 50 దాటాక ఇక లాభం లేదు.

ఎంత రాయాలన్నదీ ఎవరూ చెప్పరు. పరీక్షల్లో వాడే లెక్క ఒక ముంజేతికి సుమారు 1 మిల్లీలీటరు. చేతులు, మోకాలి కింది కాళ్లు, మెడ కలిపితే టీస్పూను పైమాటే. రోజుకు రెండుసార్లు చొప్పున వారానికి మనిషికి 100 మిల్లీలీటర్ల సీసా ఒకటి కావాలి. నలుగురున్న ఇంటికి ఒక చిన్న ట్యూబు ఇస్తే రెండో రోజుకే అయిపోతుంది. సన్‌స్క్రీన్ ముందు, అది ఆరాక పావుగంటకు దోమ మందు. తిరగేస్తే రెండూ చెడతాయి. బట్టల కింద రాయకూడదు. పిల్లలకు పెద్దవాళ్లే తమ అరచేతిలో వేసుకుని రాయాలి, వాళ్ల వేళ్లకు రాయొద్దు, నోట్లో పెట్టుకుంటారు. రెండు నెలల్లోపు పిల్లలకు ఏదీ రాయకుండా ఉయ్యాలకు తెర కట్టాలి. మూడేళ్లలోపు పిల్లలకు పీఎండీ వద్దు. డీట్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది, కళ్లజోడు ఫ్రేము, వాచీ బెల్టు, గోళ్ల రంగు జాగ్రత్త అని ముందే చెబితే తర్వాత తిట్టుకోరు. దోమల్ని చంపే స్ప్రే డబ్బాలు సూట్‌కేసులో పెట్టనీయకండి, విమానంలోకి రానివ్వరు. సఫారీకి నీలం, నలుపు బట్టలు వద్దని గైడ్లు చెప్పేది సెట్సీ ఈగ కోసం. అది వేరే పీడ, మాట మాత్రం వినాల్సిందే.

గుడ్‌నైట్, ఆలౌట్ మెషిన్ సంచిలో వేసుకుని ధైర్యంగా బయల్దేరేవాళ్లకు రెండు అడ్డంకులు. కెన్యా, టాంజానియా, మాల్దీవుల్లో గోడ సాకెట్టు బ్రిటిష్ పద్ధతి చదరపు మూడు పిన్నులది, అడాప్టర్ లేకుండా మన ప్లగ్గు దూరదు. దానికన్నా పెద్దది, చాలా టెంటు క్యాంపుల్లో జనరేటరు రాత్రి పది, పదకొండుకు ఆపేస్తారు. అనాఫిలిస్ జోరుగా తిరిగే వేళకు మెషిన్ చల్లబడి ఉంటుంది. క్యాంపు బుక్ చేసేటప్పుడు ‘జనరేటరు ఎన్నింటికి ఆపుతారు? ప్రతి మంచానికీ తెర ఉందా? మందు పట్టించిన తెరేనా? కిటికీలకు జాలీ ఉందా?’ అని అడగండి. తెర ఉందంటే సరిపోదు. పడక వేసేటప్పుడే, పొద్దుగూకక ముందే దాన్ని పరుపు కిందికి దోపాలి. చీకటి పడ్డాక దోపితే లోపలికొచ్చిన దోమతో కలిసి పడుకున్నట్టే. చేయో మోకాలో తెరకు ఆనితే బయటి నుంచే కుడుతుంది, కాబట్టి ఇద్దరు పడుకునే మంచానికి ఒక్కరికి సరిపడే తెర కట్టిన చోట గొడవపడి మార్పించాలి. నగరం హోటళ్లలో గదిలోని పూలకుండీ కింది పళ్లెం, గాజు సీసాలో నీళ్లలో పెట్టిన వెదురు మొక్క, స్నానాలగదిలో నింపి వదిలేసిన బక్కెట్టు, ఏడిస్ గుడ్లు పెట్టేది వీటిలోనే. రెండు నిమిషాల పని, పారబోయించండి.

హనీమూన్ ప్యాకేజీలు అమ్మేవాళ్లకు విడిగా ఒక మాట. శ్రావణం, మాఘం ముహూర్తాలు అయ్యీ అవగానే మీ బాలి, ఫుకెట్, మాల్దీవుల సీట్లు నిండిపోతాయి. జికా వైరస్ చాలామందిలో లక్షణమే చూపించదు, గర్భంలోని బిడ్డ మెదడును మాత్రం దెబ్బతీస్తుంది. మగవారి నుంచి కలయిక ద్వారా కూడా అంటుతుంది. జికా ఉన్న చోటికి వెళ్లొచ్చాక గర్భం కోసం ప్రయత్నించడానికి, భర్త వెళ్లి ఉంటే మూడు నెలలు, భార్య ఒక్కతే వెళ్లి ఉంటే రెండు నెలలు ఆగాలి. అప్పటికే గర్భవతి అయితే వెళ్లే ముందే డాక్టరుతో మాట్లాడాలి. కౌంటర్లో నోటితో చెప్పడం మీకు మొహమాటమైతే కాగితం మీద అచ్చువేసి ఓచర్ కవర్లో పెట్టండి.

గ్రూపులో ఎవరికైనా జ్వరం వస్తే ఏం చేయాలో టూర్ మేనేజరుకు రాసి ఇవ్వండి. వాళ్ల మందుల డబ్బాలో మాకు కనిపించేవి ఎక్కువగా ఐబుప్రోఫెన్ కలిసిన నొప్పి మాత్రలు, డైక్లోఫెనాక్. డెంగీలో అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. డబ్బాలోంచి తీసేసి పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ నింపండి. పెద్దవారికి 650 మాత్ర ఆరు గంటలకు ఒకటి, రోజుకు నాలుగు మించకూడదు. దోమ కుట్టిన మూడు రోజుల నుంచి రెండు వారాల లోపు డెంగీ జ్వరం వస్తుంది, కాబట్టి టూరు రెండో రోజున వచ్చిన డెంగీ ఇంటి నుంచి తెచ్చుకున్నదే. మలేరియా అయితే కాటు పడి కనీసం వారం కావాలి. అయిదు రోజుల టూరులో తగిలినది బయటపడేది ఇంటికి చేరాకే.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. డెంగీ ముదిరేది జ్వరం మండిపోతున్నప్పుడు కాదు, నాలుగో రోజో అయిదో రోజో జ్వరం దిగాక వచ్చే 24 నుంచి 48 గంటల్లో. రక్తనాళాల్లోంచి నీరు బయటికి జారిపోయి, రక్తం చిక్కబడి, బీపీ పడిపోతుంది. ‘జ్వరం తగ్గింది కదా, ఫ్లైట్ ఎక్కేద్దాం’ అనుకునేది సరిగ్గా ఆ గంటల్లోనే. తెరిపిలేని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచి రక్తం, మూత్రం తగ్గిపోవడం, మత్తుగా లేదా చిరాకుగా ఉండడం, వీటిలో ఒక్కటి కనిపించినా విమానం వద్దు, అక్కడే ఆస్పత్రి. టిక్కెట్టు మార్పు ఖర్చు, ఆస్పత్రి ఖర్చు ఇచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలన్నది దీనికోసమే. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దని కూడా చెప్పండి. డాక్టర్లు హిమటోక్రిట్, అంటే రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే అంకె, పెరుగుతోందా అని చూస్తారు.

తిరిగొచ్చాక మీ గ్రూపులో ఫొటోలు పంచుకోవడం అయిపోగానే సందడి ఆగిపోతుంది. మీ చేతిలోని అతి చవకైన, అతి పనికొచ్చే సాధనం ఆ గ్రూపే. ఎందుకంటే జ్వరంతో ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషి ‘నెల కిందట కెన్యా వెళ్లొచ్చాను’ అని చెప్పడు, అడిగే తీరిక అక్కడా ఉండదు. టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష చేస్తారు. మన ప్రాంతంలో అది జబ్బు లేకున్నా పాజిటివ్ చూపించడం మామూలే. టైఫాయిడ్ అని సెలైన్లతో వారం గడుస్తుంది. ఫాల్సిపేరానికి ఆ వారం చాలు, మెదడుకూ కిడ్నీలకూ చేరడానికి. మలేరియా పరీక్ష మొదటిసారి నెగెటివ్ వచ్చినా సరిపోదు, 12 నుంచి 24 గంటల తేడాతో మూడుసార్లు రక్తపు పూత (బ్లడ్ స్మియర్) చూడాలి. వైవాక్స్ రకం కాలేయంలో నిద్రపోయి నెలల తర్వాత లేస్తుంది, వేసుకున్న నివారణ మాత్రలు దాన్ని ఆపలేవు.

అరకు, మారేడుమిల్లి, లంబసింగిలో రాత్రి టెంట్లు వేయించేవాళ్లకూ ఇందులో సగం వర్తిస్తుంది. మన్యం కొండవాగుల్లో నెమ్మదిగా పారే నీళ్లలో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ మలేరియాను బాగా మోస్తుంది, అక్కడ ఫాల్సిపేరం ఎక్కువ. ఎండాకాలం అమెరికా నుంచి వచ్చిన పిల్లల్ని తీసుకెళ్లే కుటుంబాలు మీ కస్టమర్లే. వాగు ఒడ్డున టెంటు వేయకండి, తెర లేని టెంటు అద్దెకు ఇవ్వకండి.

గ్రూపుకు పంపాల్సిన రెండు సందేశాలు కింద ఇస్తున్నాం. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మా పేరు వేయనక్కర్లేదు.

అన్ని ఉష్ణదేశాల టూర్లకు, తిరిగొచ్చిన మూడో రోజున, మళ్లీ పదో రోజున: ‘రెండు వారాల్లోపు జ్వరం వస్తే డెంగీ పరీక్ష చేయించుకోండి. మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం. పారాసెటమాల్ తప్ప నొప్పి మాత్రలు వద్దు. జ్వరం ఉన్న వారం పగలు కూడా దోమతెరలో ఉండండి, మీ ఇంటి దోమ మిమ్మల్ని కుడితే ఇంట్లోవాళ్లకు అంటుతుంది.’

ఆఫ్రికా టూర్లకు, వారానికోసారి నాలుగు వారాలు, తర్వాత మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల: ‘మలేరియా మాత్రలు పూర్తయ్యేదాకా మానకండి. జ్వరం వస్తే అదే రోజు మలేరియా పరీక్ష. డాక్టరుతో మొదటి మాటగా ఏ దేశం వెళ్లొచ్చారో, ఏ తేదీన తిరిగొచ్చారో చెప్పండి. ఈ మెసేజ్ చూపించండి.’

ఇట్లు,
దోమకాటు జబ్బుల నివారణలో పనిచేస్తున్న కొందరు